బేత్లి నోటికి మూడు నెలల గడువు

త్సౌగ్ వాళ్ళింట్లో పాలూ నిలవ ఉండవు, మాటా నిలవ ఉండదు. గ్రాబెన్‌విల్ రైతులందరూ పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ పాలు తెచ్చి పోసేది వాళ్ళ పాలకేంద్రంలోనే. లోపల రాగి కాగు దగ్గర తండ్రి చీజు చేస్తూంటే గుమ్మంలో తల్లి పాలు తూచేది. పాలతోబాటు కబుర్లూ తూచేది. ఎవరి ఆవు ఈనింది, ఎవరికి పన్ను పీకారు, పాస్టరుగారి ప్రసంగంలో ఎవరు గురకపెట్టారు, అన్నీ క్యాన్లు కడిగి బోర్లించే వేళకి ఆవిడ దగ్గరికి చేరిపోయేవి. అలాంటి తల్లి కడుపున పుట్టిన బేత్లి నోట్లో నువ్వుగింజ నానేది కాదంటే పిల్ల తప్పేముంది?

ఆ పిల్ల పోయి పోయి బ్యాంకులో చేరింది.

1978 వసంతంలో బేత్లికి తొమ్మిదో తరగతి అయిపోయింది. పదహారేళ్ళు. బడి అయిపోయిన పిల్లల్ని మూడేళ్ళు ఎక్కడో ఒకచోట అప్రెంటిస్‌గా పెట్టడం మామూలే. వారంలో మూడున్నర రోజులు పని, ఒకటిన్నర రోజు పట్నంలో వాణిజ్య పాఠశాల. కానీ తల్లి ఆలోచన వేరుగా ఉంది. ఆవిడ అప్పటికే పాస్టరుగారి చేత, దేశంలో ఫ్రెంచి మాట్లాడే వైపు ఒక ద్రాక్షతోట వాళ్ళకి ఉత్తరం రాయించి, వంటింటి గడియారం వెనక పెట్టుకుంది. అక్కడ ఏడాదిపాటు ఇంటిపని చెయ్యాలి. నలుగురు పిల్లలు, ఒక ముసలమ్మ, ఒక కుక్క.

"ఏడాదిలో ఫ్రెంచీ వస్తుంది, వంటా వస్తుంది. ఇక్కడ కూర్చుంటే వస్తాయా రెండూ?" అనేది తల్లి.

బేత్లికి బ్యాంకే కావాలి. ఎందుకని అడిగితే గొప్ప కారణమేమీ లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్ల చేతులనుంచి పాలవిరుగుడు నీళ్ళ వాసన వచ్చేది. ఎంత సబ్బు రాసినా పోయేది కాదు. అంతకు ముందటి ఆగస్టులో ఊరి పండగనాడు కమ్మరివాళ్ళబ్బాయి ఆమె చెయ్యి పట్టుకుని రెండు చుట్లు నాట్యం చేసి, "ఇక్కడెక్కడో చీజు పెట్టినట్టున్నారు, నీకు ఆకలిగా లేదూ?" అన్నాడు. కాగితాల వాసన వేసే ఉద్యోగమే చెయ్యాలని ఆ క్షణమే నిశ్చయించుకుంది. పెద్ద పెద్దవాళ్ళ జీవితాశయాలు కూడా విప్పి చూస్తే ఇలాగే ఉంటాయి. వాళ్ళు చెప్పుకోరు, అంతే.

గ్రాబెన్‌విల్ పొదుపు సహకార బ్యాంకంటే ఫాంక్‌హౌజర్ గారి ఇంటి ముందుగదే. ఆయన భార్య ఈడా గారి పాత సామాన్ల కొట్లో ఇనప్పెట్టె ఉండేది. పక్క గదిలో ఉల్లిపాయల పులుసు ఉడుకుతూంటే ఇక్కడ పొదుపు ఖాతాలకి వడ్డీ పెరుగుతూ ఉండేది. ఫాంక్‌హౌజర్ గారు సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, ఎండాకాలంలో కూడా టై కట్టేవారు. రోజుకి పది మాటలు మాట్లాడితే పదకొండోది రేపటికి దాచుకునేవారు. బ్యాంకు మనిషి కదా.

చేరడానికి ముందు పిల్లలు పనిచోట ఒక వారం గడిపి చూస్తారు. వాసన చూసే వారం అంటారు దాన్ని. పనిని పిల్ల వాసన చూస్తుంది, పిల్లని పనివాళ్ళు వాసన చూస్తారు. బేత్లి ఆ వారం చేతులకి నిమ్మకాయ రుద్దుకుని మరీ వెళ్ళింది. ఫాంక్‌హౌజర్ గారు చేతులు చూడలేదు. ఆయన చూసింది ఇంకోటి. ఇరవై ఏళ్ళుగా చర్చిలోకి వచ్చినట్టు టోపీ తీసి, నోరు మూసుకుని నిలబడి, పని అవగానే పారిపోయే రైతులు ఆ వారం నవ్వుతూ నిలబడ్డారు.

"ఏమండీ గెర్బర్ గారూ, మీ బ్లూమి కాలు తగ్గిందా? ఇంకా కుంటుతోందా?"

"తగ్గిందమ్మా. నీకెవరు చెప్పారు?"

"బ్లూమీయే చెప్పింది."

గెర్బర్ గారు పావుగంట నిలబడి ఆవు కథ మొత్తం చెప్పి, పోతూ పోతూ మనవడి పేర ఖాతా కూడా తెరిచి పోయాడు. శనివారం మధ్యాహ్నం ఫాంక్‌హౌజర్ గారు దగ్గి, "ఏప్రిల్ మూడున రా," అన్నారు.

అంటే ఆ పిల్లకి ఉద్యోగం తెచ్చిపెట్టింది నోరే. ఆ సంగతి మాత్రం ఎవరూ ఒప్పంద పత్రంలో రాయలేదు. అందులో రాసింది ఏమిటంటే, మూడు నెలలు పరీక్షాకాలం, జూన్ ముప్ఫై దాకా. ఈలోగా ఎవరికి నచ్చకపోయినా ఎవరి దారి వారిది. తండ్రి సంతకం పెట్టాడు. తల్లి ఉత్తరాన్ని పోస్టులో వెయ్యనూ లేదు, చింపనూ లేదు.

"జూన్ ముప్ఫై దాకా చూస్తా. ఫాంక్‌హౌజర్ గారు పంపించేశారో, మర్నాడే రైలెక్కిస్తా. ఆ తోటవాళ్ళకి మనిషి ఇంకా దొరకలేదట," అంది.

మొదటిరోజు ఫాంక్‌హౌజర్ గారు బేత్లి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించి, ఆ ఏడాదికంతటికీ పొడుగైన ప్రసంగం చేశారు. "ఇక్కడ ఎవరికి ఎంతుందో బయట చెప్పకూడదు. చట్టం. జైలు కూడా ఉంది."

జైలనేసరికి బేత్లి మూడు రోజులు పాలకేంద్రం వైపు రాకుండా పెరటి గుమ్మంలోంచి ఇంట్లో దూరింది. నాలుగో రోజు ధైర్యం వచ్చింది. ఎవరికి ఎంతుందో చెప్పకూడదు, అంతే కదా. అంకె పైకి రాకపోతే చాలు. ఆ విషయంలో ఆమె నిజంగా గట్టిదే. తల్లి ఎన్ని రకాలుగా అడిగినా ఒక్క అంకె చెప్పలేదు.

రెండో వారంలో ఆయన ఆమెకి ఒక సొరుగు అప్పగించారు. కౌంటరు కింది బీరువాలో ఉండేది అది. అందులో ఉన్నవి ఇళ్ళకి వెళ్ళని పాస్‌బుక్కులు. ఖాతాదారు వస్తాడు, డబ్బు వేస్తాడు, పుస్తకం ఇక్కడే వదిలేసి చేతులూపుకుంటూ వెళ్ళిపోతాడు. వాటిని పేర్ల వరసలో సర్దడం బేత్లి పని.

"ఇవెందుకండీ ఇక్కడే ఉంటున్నాయి?"

"వాటికి ఇక్కడే బాగుంటుంది," అన్నారు ఫాంక్‌హౌజర్ గారు.

సర్దుతూంటే లూతి మార్గ్రిత్, లూతి వెర్నర్ అని రెండు పుస్తకాలు ఒకదాని కింద ఒకటి కనిపించాయి. ఎగువ గట్టు మీది లూతి దంపతులవి. అలిగి చెరో పక్కకీ తిరిగి పడుకున్న మొగుడూ పెళ్ళాల్లా ఉన్నాయవి. బేత్లికి ముచ్చటేసింది. ఎంత పద్ధతైన మనుషులు, ఇంట్లో పోతాయేమోనని ఇద్దరివీ ఒకేచోట దాచుకున్నారు అనుకుంది. మొగుడి పుస్తకం సంగతి పెళ్ళానికి గానీ, పెళ్ళాం పుస్తకం సంగతి మొగుడికి గానీ తెలియదని ఆమెకి తోచనే లేదు. ఇప్పుడీ సంగతి చెప్పడంలో దోషం లేదు. ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. పంపకాలప్పుడు రెండు పుస్తకాలూ బయటపడితే వాళ్ళ పిల్లలే నవ్వలేక చస్తూ ఊరంతా చెప్పుకున్నారు.

మే ఇరవయ్యో తారీకు శనివారం సాయంత్రం. బేత్లి పాలకేంద్రంలో తల్లికి సాయం చేస్తోంది. ఆ రోజు వెర్నర్ లూతికి నడుం పట్టేసిందని పాలు తీసుకుని భార్య మార్గ్రిత్ వచ్చింది. బేత్లికి ఆవిణ్ణి నవ్వించాలనిపించింది.

"లూతి గారూ, మీ ఆయన నిన్న నున్నగా గడ్డం గీసుకుని మా బ్యాంకుకి వచ్చారండీ. రెండు వారాలకోసారి శుక్రవారం పదిగంటలు కొట్టేసరికి గుమ్మంలో ఉంటారు. చర్చికైనా అంత ఠంచనుగా వెళ్తారా?"

క్యాన్లు పట్టుకున్న వాళ్ళంతా నవ్వారు. బేత్లి తల్లి అందరికంటే గట్టిగా నవ్వింది. మార్గ్రిత్ మాత్రం నవ్వలేదు.

"శుక్రవారం పదింటికి ఆయన కొడవళ్ళకి పదును పెట్టించుకోవడానికి కమ్మరి దగ్గరికి వెళ్తాడే," అంది మెల్లిగా.

"మరి కమ్మరి కూడా మా బ్యాంకులోనే..." అని మొదలుపెట్టి బేత్లి ఆగిపోయింది. మార్గ్రిత్ అప్పటికే వెనక్కి తిరిగింది. ఖాళీ క్యాను కూడా తీసుకోలేదు. ఎగువ గట్టు మీది ఆడమనిషి క్యాను మర్చిపోయి వెళ్ళిందంటే ఇంటికి నిప్పంటుకుని ఉండాలి, లేదా తనే అంటించబోతూ ఉండాలి.

సోమవారం పొద్దున ఎనిమిది కొట్టకముందే మార్గ్రిత్ బ్యాంకు గుమ్మంలో ఉంది. ఫాంక్‌హౌజర్ గారు ఇంకా టై ముడి బిగించుకుంటున్నారు.

"మా ఆయన ఒప్పుకున్నాడు. పుస్తకం ఉందట. ఎంతుందో మాత్రం చెప్పి చావడు. మీరు చెప్పండి."

"చెప్పను."

"ఎందుకు చెప్పరు? వస్తున్నాడని మీ పిల్ల పాలకేంద్రంలో పదిమంది ముందు చెప్పిందిగా! ఆమాత్రం చెప్పినవాళ్ళు ఈమాత్రం చెప్పలేరా?"

ఫాంక్‌హౌజర్ గారు బేత్లి వైపు చూశారు. కోపంగా కాదు. తన బ్లూమి కాలు విరిగిందని వింటే గెర్బర్ గారు ఎలా చూస్తారో అలా చూశారు. చెప్పకూడనిది అంకె ఒక్కటే కాదని, మనిషి వచ్చాడన్న సంగతే చెప్పకూడదని బేత్లికి అప్పుడు తెలిసింది.

ఫాంక్‌హౌజర్ గారు మార్గ్రిత్ వైపు తిరిగారు. "లూతి గారూ, మీ ఆయనకి ఇక్కడ ఏముందో, ఏం లేదో మీకు చెప్పను. మీకు ఏముందో, ఏం లేదో ఆయనకీ చెప్పను. ఒకరికి చెప్తే ఇంకొకరికీ చెప్పాలి కదా."

మార్గ్రిత్ తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం నిలబడి, "నేను ఊరికే అడిగాను," అని, క్యాను అడగడానికొచ్చినట్టు చేతులు చూసుకుని, వెళ్ళిపోయింది.

బేత్లి ఏడవడానికి సిద్ధంగా ఉంది. ఆయన తిడతారనుకుంది, కాగితం తీసి సంతకం కొట్టేస్తారనుకుంది. ఆయన మధ్యాహ్నం బ్యాంకు మూసి, టోపీ పెట్టుకుని, "నీ మోపెడ్ తియ్యి," అన్నారు.

ఎగువ గట్టుకి దారి నిటారుగా ఉంటుంది. ఆయనకున్నది పాత సైకిలు. సగం దూరం తొక్కేసరికి ఆయాసం మొదలైంది. అప్పుడు ఊరంతా ఏళ్ళ తరబడి చెప్పుకున్న దృశ్యం జరిగింది. బ్యాంకు మేనేజరు టైతో, టోపీతో, సైకిలు మీద కూర్చుని, అప్రెంటిస్ పిల్ల మోపెడ్ వెనక కడ్డీ పట్టుకుని కొండెక్కుతున్నాడు. ఎండుగడ్డి తిరగేస్తున్నవాళ్ళు పంగలకర్రలు పట్టుకుని నిలబడిపోయారు. "పిల్ల బ్యాంకుని లాక్కుపోతోందర్రా!" అని ఎవరో అరిచారు. ఫాంక్‌హౌజర్ గారు ఒక చేత్తో టోపీ ఎత్తి అందరికీ దండం పెట్టారు. బేత్లి మాత్రం ఆ కొండ అక్కడే రెండుగా చీలి తనని మింగేస్తే బాగుండునని కోరుకుంది.

లూతి వాళ్ళ వంటింట్లో ఆయన టోపీ తీసి నిలబడే మాట్లాడారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"వెర్నర్, నీ సంగతి మా బ్యాంకులోంచి బయటికి పోయింది. తప్పు నాది. పిల్లకి నేను సగమే చెప్పాను. మిగతా సగం నాకు తెలుసు కాబట్టి తనకీ తెలుసనుకున్నాను. పొద్దున బ్యాంకు సంఘం అధ్యక్షుడితో కూడా ఇదే చెప్పాను. నీకు ఇష్టం లేకపోతే పుస్తకం తీసుకుని వెళ్ళిపోవచ్చు. నేనేమీ అనుకోను."

బేత్లి లెక్కపెట్టకపోయినా అవి ఆయన వారం రోజుల మాటలని ఆమెకి తెలుసు. తను నోరు జారినందుకు ఆయన అంత మాట్లాడాల్సి వచ్చింది. ఆయన ముఖం చెవులదాకా ఎర్రబడింది. వెర్నర్ లూతి బల్ల మీద వేళ్ళతో గీతలు గీస్తూ విన్నాడు. శనివారం నుంచీ ఆయనకి చల్లారిన బంగాళాదుంపలే పెడుతున్న మార్గ్రిత్ ఏమైందో ఏమో, లేచి వేడి కాఫీ పెట్టి, అందులో పళ్ళ సారా కూడా పోసి, మొగుడి ముందూ మేనేజరు ముందూ పెట్టింది.

వెర్నర్ కాఫీ వైపూ పెళ్ళాం వైపూ చూశాడు. కోపం ఇంత తొందరగా ఎటు పోయిందని ఆయనకి అనుమానం అప్పుడే మొదలైంది.

దిగేటప్పుడు కొండ మలుపులో ఫాంక్‌హౌజర్ గారు సైకిలు ఆపారు. "జూన్ ముప్ఫై దాకా గడువుంది. ఇంకోసారి జరిగితే మీ నాన్నకి ఉత్తరం రాయాలి. అప్పుడు నా తప్పు అనలేను." బేత్లి తలూపింది. చెప్పాల్సింది చాలా ఉంది. ఒక్క ముక్క బయటికి రాలేదు. ఆమె జీవితంలో అది మొదటిసారి.

అప్పటినుంచి ఇంట్లో నరకం మొదలైంది. బుధవారం మార్గ్రిత్ లూతి పాలకేంద్రానికి ఒక పెద్ద జడరొట్టె తెచ్చింది, ఆదివారాలకి అల్లేది, పైన గుడ్డుసొన పూసి నిగనిగలాడేది. "బేత్లికి," అని బల్ల మీద పెట్టి, ఆ పిల్ల కళ్ళలోకి సూటిగా చూసి వెళ్ళిపోయింది. పుచ్చుకుంటే ఏదో ఉందని ఒప్పుకున్నట్టు, తిరిగిచ్చేస్తే కూడా ఏదో ఉందని ఒప్పుకున్నట్టే. కుడితిలో పడ్డ ఎలకలా నిలబడింది బేత్లి. తల్లి ఈలోపల కత్తి తెచ్చి కోసేసింది.

"ఎందుకిచ్చింది?"

"ఏమో."

"శనివారం క్యాను మర్చిపోయింది, సోమవారం మీ మేనేజరు కొండెక్కాడు, బుధవారం రొట్టె. ఎందుకు?"

"రొట్టె మిగిలిపోయిందేమో."

"బుధవారం నాడు జడరొట్టె మిగలడమేంటే? నాలుగు గుడ్లు వేసింది. నేను రుచి చూస్తే చెప్పగలను. బేత్లీ, నేను నీ తల్లిని."

"తెలుసమ్మా."

"కడుపున పుట్టిన పిల్ల కూడా తాళం వేసుకుంటే ఇంక ఈ ఊళ్ళో ఎవర్ని నమ్మాలి!" అని తల్లి రొట్టె మీద వెన్న రాయకుండా తినేసింది. ఎంత బాధ కలిగితే అలా చేస్తుందో ఊహించుకోవచ్చు.

జూన్ రెండు శుక్రవారం పదింటికి వెర్నర్ లూతి వచ్చాడు. ఇప్పుడు దాచడానికేమీ లేదు కనక గడ్డం గీసుకోలేదు. ఫాంక్‌హౌజర్ గారు ఇనప్పెట్టె దగ్గరున్నారు. వెర్నర్ కౌంటరు మీదకి వంగి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, నా సంగతి నా ఇంటిదానికి చెప్పావా లేదా?"

"చెప్పానండీ. క్షమించండి."

"క్షమించేశా. కానీ తక్కెడకి రెండు పళ్ళేలుంటాయి కదా. మీ అమ్మ రోజూ తూస్తుంది, నీకు తెలీనిదా? ఒక పక్క పెట్టావు, రెండో పక్కా పెట్టు. దానికీ ఇక్కడ పుస్తకముందా?"

న్యాయమైన మాటే. అదే వచ్చిన చిక్కు. సొరుగు బేత్లి మోకాలికి తగులుతోంది. దాని వైపు చూస్తే అయిపోయింది. అందుకని గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. అందులో కొండమేకలు ఏడున్నాయి. 'లేదు' అనేస్తే పోతుందనిపించింది ఒక్క క్షణం. కానీ ఈ రోజు లేదంటే, రేపు ఇంకెవరో వచ్చి ఇంకెవరి గురించో అడిగినప్పుడు లేదనకపోతే ఉన్నట్టే కదా. అవునన్నా కాదన్నా రెండూ చెప్పడమే. ఆ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. పుస్తకాల్లో లేదు, వాణిజ్య పాఠశాలలో ఎవరూ చెప్పలేదు.

"తెలిస్తే చెప్పనండీ. తెలియకపోయినా చెప్పనండీ."

"అంటే తెలుసన్నమాట!"

"శుభోదయం, లూతి గారూ. డబ్బు వేస్తారా, తీస్తారా?"

రెండు వారాల తరవాత మళ్ళీ వచ్చాడు. ఈసారి బతిమాలలేదు.

"చూడమ్మా, నేను బ్యాంకు సంఘం సభ్యుణ్ణి. నీ గడువు నెలాఖరుకి. పాలకేంద్రంలో మళ్ళీ వాగుతోందని నేనొక్క మాట అంటే మీ మేనేజరు ఏం చేస్తాడు? అదే నువ్వు చిన్న మాట చెప్పావనుకో, పిల్ల బంగారం అని చెప్తా. మాట కూడా అక్కర్లేదు. ఉంటే తలూపు చాలు."

బేత్లి మెడ బిగబట్టింది. తల ఊగితే ప్రమాదమని గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుంది. మాట్లాడితే ఏడుపు వస్తుంది. వెర్నర్ కాసేపు చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె వంటింట్లోకి పరిగెత్తి ఈడా గారి పక్కన బల్ల మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఈడా గారు ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే ఒక కప్పు టీ ఆమె వైపు జరిపారు.

"ఏమైందని అడగను. అడిగితే నువ్వు చెప్పలేవు. నేనూ ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉన్నాను, ఆయనతో." ఇంకో ఉల్లిపాయ అందుకుని, "ఏడవడానికి ఈ గది మంచిది. ఉల్లిపాయలని చెప్పొచ్చు," అన్నారు.

జూన్ ముప్ఫై శుక్రవారమే వచ్చింది. బేత్లి ఆ రోజు బల్ల మీది పెన్నులన్నీ తుడిచింది, తనవి కాని వాటిని కూడా. ఫాంక్‌హౌజర్ గారి ముందు ఆమె అప్రెంటిస్ పుస్తకం ఉంది. అందులో ఒక పేజీ ఖాళీగా ఉంది. ఆయన ఇంకా కలం తియ్యలేదు. పది కొట్టింది. వెర్నర్ లూతి లోపలికొచ్చాడు. కౌంటరు దగ్గర ఆగకుండా నేరుగా మేనేజరు బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఫాంక్‌హౌజర్, నీ పిల్ల మీద ఫిర్యాదుంది."

బేత్లికి తమ వంటింటి గడియారం వెనకనుంచి ఉత్తరం తనంతట తను బయటికి నడిచొచ్చినట్టనిపించింది.

"చెప్పు," అన్నారు ఫాంక్‌హౌజర్ గారు.

"రెండుసార్లు అడిగాను. మర్యాదగా అడిగాను. బతిమాలాను. బెదిరించాను కూడా, అబద్ధమెందుకు. రాయికైనా చెమట పడుతుంది గానీ, దీని నోటి నుంచి శుభోదయం తప్ప ఇంకో ముక్క రాలేదు. ఖాతాదారు అడిగితే జవాబు చెప్పకపోవడం ఏం పద్ధతి?"

ఫాంక్‌హౌజర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమడిగావు?"

ఇప్పుడు వెర్నర్ లూతి ఇరుక్కున్నాడు. ఏమడిగాడో చెప్పాలంటే పెళ్ళాం సంగతి దొంగతనంగా లాగబోయానని సంఘం సభ్యుడి నోటితోనే చెప్పుకోవాలి. గోడ మీది కొండమేకల వైపు ఆయన కూడా చూశాడు.

"అదే... వర్షం గురించి. ఎండుగడ్డి పరిచాం కదా."

"వర్షం సంగతి రేడియోలో చెప్తారు, వెర్నర్."

వెర్నర్ మీసంలో నవ్వు కదిలింది. జేబులోంచి మడత నోట్లు తీసి బేత్లి ముందు పెట్టాడు. "రాసుకో. నా పుస్తకం ఇక్కడే ఉండనీ. ఈ రాయి ఉన్నంతకాలం ఉండనీ." గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా, "దానికీ ఉంటే... ఉండనీలే. దాపరికం ఒకటి ఉండాలి మనిషికి," అని వెళ్ళిపోయాడు. ఆ మాట ఎవరికి చెప్పాడో, సమాధానం కావాలో వద్దో తెలియలేదు. బేత్లి నోట్లు లెక్కపెట్టుకుంది.

ఫాంక్‌హౌజర్ గారు కలం తీసి ఖాళీ పేజీలో ఒక వాక్యం రాసి, సంతకం పెట్టి, అద్దుడు కాగితం ఒత్తి, ఆమె వైపు తిప్పారు. పరీక్షాకాలం పూర్తయింది, సంతృప్తికరం. అంతే.

అప్పుడు బేత్లి నోరు విప్పింది. నెలన్నరగా లోపల పేరుకున్నదంతా ఒక్కసారి పొంగింది. కొండెక్కినందుకు, తప్పు నాదని అన్నందుకు, అధ్యక్షుడికి చెప్పినందుకు, వాళ్ళ వంటింట్లో కూర్చోకుండా నిలబడినందుకు, ఈడా గారి టీకి, ఆ రోజు తిట్టనందుకు, అన్నిటికీ కలిపి ఊపిరి తీసుకోకుండా కృతజ్ఞత చెప్పింది. ముక్కు కారింది, పెన్నులు తుడిచిన గుడ్డతోనే తుడుచుకుంది. బుగ్గ మీద సిరా మరక పడింది. ఫాంక్‌హౌజర్ గారు కదలకుండా అంతా విన్నారు. ఆయన చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"సోమవారం ఎనిమిదికి," అన్నారు.

ఆమె ఆ బ్యాంకులో నలభై మూడేళ్ళు పనిచేసింది. మూడేళ్ళ అప్రెంటిస్ ముగిశాక పరీక్ష పాసైంది, గుమాస్తా అయింది, ఫాంక్‌హౌజర్ గారి తరవాత ఆ కుర్చీలోనూ కూర్చుంది. తన దగ్గరికి వచ్చిన ప్రతి అప్రెంటిస్ పిల్లకీ మొదటిరోజే రెండు సగాలూ చెప్పేది. ఆ పిల్లలు ఏదైనా తప్పు చేస్తే ముందు తన ముఖమే ఎర్రబడేది. ఎంతమంది అడిగినా అది ఎవరి దగ్గర నేర్చుకుందో మాత్రం దాచలేదు.

కానీ ఆ జూన్ ముప్ఫై సాయంత్రానికి ఇదంతా చాలా దూరం. ఆ సాయంత్రం ఇంట్లో బంగాళాదుంపల తురుముతో వేయించిన రోస్టి, సాసేజీలు, తండ్రి కోసం ఒక సీసా బీరు. బేత్లి బుగ్గ మీద ఇంకా సిరా ఉంది. తండ్రి ఆ పేజీని రెండుసార్లు చదివి పుస్తకాన్ని గోడకి ఆనించి పెట్టాడు. తల్లి గరిట పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"సరే, ఉంచుకున్నారు. సంతోషం. ఎందుకు ఉంచుకున్నారు? ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదమ్మా."

"మూడు నెలలు ఏం చెయ్యనందుకా జీతమిచ్చి ఉంచుకుంటున్నారు?" అన్నాడు తండ్రి. "అయితే నన్నూ చేర్చుకోమను."

"అది కాదు, చెప్పవే. ఏదో జరిగింది. లూతి వెర్నర్ ఇవాళ నవ్వుకుంటూ కొండెక్కాడట. గెర్బర్ వాళ్ళావిడ చూసింది."

బేత్లి ఫోర్కు కింద పెట్టింది. ఏం జరిగిందో చెప్పాలని ప్రాణం కొట్టుకుపోతోంది. జీవితంలో తను చేసిన ఒకే ఒక్క గొప్పపని ఏమిటో కన్నతల్లికి కూడా చెప్పుకోవడానికి వీల్లేదు. చెప్పుకుంటే అది గొప్పపని కాకుండా పోతుంది. లోపల వెతికి వెతికి, పైకి తియ్యగలిగిన మాట ఒక్కటే దొరికింది.

"ఫాంక్‌హౌజర్ గారు చాలా మంచివారమ్మా."

ఆ మాట చెప్పొద్దని ఏ చట్టమూ లేదు. అందుకని రోస్టి అయిపోయేలోగా ఆమె ఆ మాటే ఇంకో నాలుగుసార్లు చెప్పింది.